విప్పని బొంత

మా టీచరమ్మ పోయారు. పొద్దున్నే ఆవిడ తమ్ముడు ఫోన్ చేశారు. "అప్ప ఎల్లిపోయిందమ్మా. చాయ్ ఇస్తే తాగింది, గోడవైపు తిరిగి పడుకుంది. బస్, అంతే," అన్నారు. తర్వాత ఆయన ఇంకేదో చెప్పబోయి ఫోన్ పెట్టేశారు.

శంకర్ నగర్ నుంచి గుఢియారీలో ఆవిడ ఇంటికి రిక్షాలో వెళ్తున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. ఒకే ఒక్క వాక్యాన్ని నోట్లో తిప్పుకుంటూ కూర్చున్నాను. "ఆ బొంత నాకిస్తారా?" పోయిన మనిషికి ఇంకా స్నానమైనా చేయించని ఇంట్లో అడుగుపెట్టి ఇలా అడగొచ్చా? అడగకపోతే మధ్యాహ్నానికి అది బూడిదైపోతుంది. ఆ వాక్యం నాది కాదు, ఆవిడదే. జీవితమంతా చావు జరిగిన ఇళ్ళకి వెళ్ళి ఆవిడ అడిగిన మాటే అది.

ఆవిడ రైల్వే కాలనీ స్కూల్లో చరిత్ర చెప్పేవారు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో ఫిట్టరుగా వచ్చిన తండ్రి వెంట చిన్నప్పుడే రాయపూర్ చేరారు. పెళ్ళి చేసుకోలేదు. క్లాసులో అశోకుడి దగ్గర మొదలుపెట్టి ఎవరింటి బొంత దగ్గరో తేలేవారు. పాత బొంతల కోసం వెతకడం, వాటిని చదవడం, అదే ఆవిడ అసలు పని. బొంతకి చరిత్రేమిటని మీరనుకోవచ్చు. డిగ్రీ చదివేటప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

మన ఇళ్ళలో బొంత చిరిగితే పారేయరు. ఇంకో పాత చీర పైన పరిచి మళ్ళీ కుడతారు. అది చిరిగితే మరొకటి. కొత్తది పైకి వస్తూ ఉంటుంది, పాతది లోపలికి పోతూ ఉంటుంది. కోడలి చీర కింద అత్తగారి చీర, దాని కింద ఆవిడ అత్తగారిది. టీచరమ్మ బొంత అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, కళ్ళు మూసుకుని మెల్లగా నలిపేవారు. "పైది మిల్లుబట్ట. కిందది చేనేత. దాని కిందది చేత్తో వడికిన నూలు, చూడు, ముడులు తగుల్తాయి," అనేవారు. నా వేళ్ళకి ఎప్పుడూ ఒకే మందపాటి గుడ్డ తగిలేది. కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుగులో చూసేవారు. చిరుగుల్లోంచి తొంగిచూసేవారు. పసిపిల్లల మరకలు కూడా ఉతకనిచ్చేవారు కాదు. "మరక కూడా సాక్ష్యమేనే, దాన్ని కొట్టి వదలగొడితే ఎలాగ?"

ఒక్కటి మాత్రం ఎన్నడూ చేయలేదు. కుట్టు విప్పలేదు. లోపల ఎంత పాతది ఉందని తెలిసినా, ఎవరెంత బతిమాలినా సరే. కుట్టిన చెయ్యి మళ్ళీ రాదు కాబట్టి కుట్టే అన్నిటికంటే పెద్ద సాక్ష్యం అనేవారు.

మరి ఇంత చరిత్ర ఉన్న వస్తువులు దొరకవేం? ఎందుకంటే పోయినవాళ్ళ పక్కబట్టలు మనం ఇంట్లో ఉంచుకోం. వాళ్ళతోనే పంపేస్తాం, లేదా నదొడ్డున వదిలేస్తాం. ఇక్కడి ఛత్తీస్‌గఢీ వాళ్ళూ అంతే. "రాజుల కోటలు శత్రువులు తగలబెట్టారు. బొంతల్ని మాత్రం కన్నబిడ్డలే తగలబెట్టారు, దణ్ణం పెట్టి మరీ," అనేవారు. అందుకే ఎవరింట్లోనైనా ముసలివాళ్ళు పోయారని తెలిస్తే ఆవిడ చెప్పులేసుకునేవారు. వీధిలో వాళ్ళు ఆవిణ్ణి కథరీవాలీ బహన్‌జీ అనేవారు. కథరీ అంటే ఇక్కడివాళ్ళ మాటలో బొంతే. మన తెలుగువాళ్ళకి ఆ పేరు చాల్లేదు. పక్కింటావిడ కొళాయి దగ్గర అందరికీ వినబడేలా అనేది, "మా అత్తకి దగ్గొస్తే చాలు, టీచరమ్మ మా వాకిట్లోకి చూస్తాది." టీచరమ్మ బిందె ఎత్తుకుంటూ, "మీ అత్త నీకంటే గట్టిదిలే. నీ బొంత చూసుకో ముందు," అనేవారు. ఇద్దరూ నవ్వుకునేవారు. నాకు మాత్రం సిగ్గేసేది.

ఒకసారి ఆవిడతో నేనూ వెళ్ళాను. పట్టాల అవతల, ఒక ముసలమ్మ పోయిన ఇల్లు. కోడలు పొడి కళ్ళతో గుమ్మంలో నిలబడి, బయట చుట్టి పడేసిన కథరీని చూపించి, "లే జా బహినజీ, నఇ తే ఫేంక్ దేబో," అంది. తీసుకుపో, లేకపోతే పారేస్తాం అని. టీచరమ్మ దాన్ని వెంటనే తీసుకుపోలేదు. అరుగు మీద కూర్చుని, ఆ కథరీని ఒళ్ళో పరుచుకుని, "ఇందులో ఎవరెవరున్నారు?" అని వాళ్ళ మాటలోనే అడిగారు. ఏమున్నాయి అని కాదు, ఎవరున్నారు అని. ఆ కోడలు దగ్గరకొచ్చి వేలుపెట్టి చూపించడం మొదలుపెట్టింది. ఇది మా పెళ్ళినాటిది, అత్త పెట్టింది. ఇది ఆడబిడ్డది, ప్రసవంలో పోయింది. ఈ ఎర్రది ఎవరిదో అత్తకే తెలుసు. అత్తకే తెలుసు అన్నాక ఆ వేలు అక్కడే ఆగిపోయింది. అప్పుడు ఏడ్చింది, అరుగు అంచు పట్టుకుని.

తిరిగొస్తూ నేను అడిగేశాను. "టీచరమ్మా, ఇది చదువేనా? మనం వాళ్ళ దుఃఖంలోంచి గుడ్డలు ఏరుకుంటున్నామేమో."

ఆవిడ కోప్పడలేదు. "నాకూ తెలీదే. తెలిసేదాకా దాచుదాం, నష్టమేముంది," అన్నారు.

ప్రతిసారీ ఇంటికొచ్చాక చిన్న తెల్లగుడ్డ ముక్క మీద ఆ ఇంటి ఆడవాళ్ళ వివరాలు మార్కింగ్ సిరాతో రాసి, బొంత మూల చిన్న కుట్టుతో అతికించి, వేపాకు వేసి ట్రంకులో పెట్టేవారు. "చూసినవాళ్ళ మాట చూసినట్టే రాయి. నీ అనుమానం కింద వేరే లైన్లో రాసుకో," అని నాకు చెప్పేవారు. నా అనుమానాల లైను ఎప్పుడూ పొడుగ్గా ఉండేది. "నీకు గుడ్డముక్క చాలదే, ఓ తాను గుడ్డ కావాలి," అని వెక్కిరించేవారు.

ట్రంకులో పెట్టని బొంత ఒకటుండేది. ఆవిడ కప్పుకునేది. ఆవిడకి నడక రాకముందే అమ్మ పోయింది. ఫొటో లేదు. తర్వాత ఇంట్లోకి వచ్చిన సవతితల్లి, టీచరమ్మ ఆమెని పిన్ని అనే పిలిచేవారు, పోయినామె చీరలు పెట్టెలో చూసింది. కట్టుకోకూడదు, పారెయ్యడానికి మనసొప్పలేదు. వాటిని లోపల పెట్టి, తన పాతచీరలు పైనా కిందా వేసి, ఆ పిల్లకోసం బొంత కుట్టింది. అమ్మ చీర లోపల ఉందని టీచరమ్మకి తెలుసు. అది ఏ రంగో తెలీదు.

"మీ నాన్నగారిని అడగలేదా?" అన్నాను.

"అడిగేను. చీర రంగు ఎవడికి గుర్తుంటాదే అన్నాడు. మొగోళ్ళు."

"మరి పిన్నిగారిని?"

"అడిగితే ఆవిడ మొహం ఎలా అయిపోద్దో అని..." అక్కడే ఆపేశారు. ఆవిడ వాక్యం మధ్యలో ఆపడం నేను చూసింది తక్కువ.

పోయిన చలికాలం ఆవిడ బాగా నీరసించారు. ఊరంతా కొత్త రాష్ట్రం వస్తుంది, మన రాయపూర్ రాజధాని అవుతుంది అని మాట్లాడుకుంటున్నారు. మేమిద్దరం మాత్రం మంచం మీద ఆ బొంత అంచు చూస్తూ కూర్చున్నాం. నేను ఉండబట్టలేక అన్నాను, "మూల దగ్గర రెండు కుట్లు తప్పిస్తే చాలు, టీచరమ్మా. లోపలి పొర కాస్త కనిపిస్తుంది. మళ్ళీ నేనే కుట్టేస్తాను. మీరు చూడకుండానే..." మిగతాది అనలేకపోయాను.

ఆవిడ చెయ్యి చాచి ఆ మూలని మూసేశారు. "ఆ కుట్లు పిన్నివే. నా కోసం వేసిన కుట్లు. అమ్మని చూడాలంటే పిన్నిని విప్పాలి. నావల్ల కాదే." కాసేపటికి నవ్వారు. "నేను పోయేక అడగడానికి నువ్వొస్తావులే. చూద్దాం, నీకెవరిస్తారో."

ఆ మాటని నేను అనుమతిగానే తీసుకున్నాను. రిక్షాలో నాకున్న ధైర్యం అదొక్కటే.

నేను వెళ్ళేసరికి ఆవిణ్ణి వాకిట్లో పడుకోబెట్టారు. బొంత మడతపెట్టి కాళ్ళ దగ్గరుంది. జనం నావైపు చూశారు. కొళాయి దగ్గర ఎద్దేవా చేసే పక్కింటావిడ అందరికంటే ఎక్కువ ఏడుస్తోంది. నేను కాళ్ళకి దణ్ణం పెట్టి లేచి, నోరు తెరిచాను. మాట రాలేదు. జీవితమంతా ఎంత బరువైన మాట ఆవిడ మోశారో అప్పుడు తెలిసింది.

టీచరమ్మ మరదలు నా భుజం పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. "నువ్వడుగుతావని చెప్పింది వొదిన. ఇవ్వొద్దంది."

"ఎందుకని? అందరివీ దాచారు కదా?"

"నేనూ అదే అన్నాను. 'ఆ పిల్ల మంచిదే గానీ ఊరుకోదు, కత్తెర పట్టుకొస్తాది. మా అమ్మనీ పిన్నినీ విడదీస్తాది. నన్ను వాళ్ళిద్దరి మధ్యే పంపండి' అంది." చెబుతూనే ఆమె నవ్వింది, వెంటనే కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆ ట్రంకులన్నీ నీకే అంది."

నేనూ నవ్వాను. అప్పుడే ఏడుపొచ్చింది, రిక్షాలో రానిదంతా.

మగవాళ్ళు ఖారూన్ నది ఒడ్డుకి తీసుకెళ్ళారు. మేం ఇల్లు కడిగాం. వాళ్ళు తిరిగొచ్చేసరికి ఎండ వాలింది. స్నానం చేసి, తడి పంచెతోనే ఆవిడ తమ్ముడు నన్ను పెరట్లోకి పిలిచారు. ఆయన ఆ పిన్ని కొడుకే. తల్లులు వేరని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనగా నేను వినలేదు.

"నీకే చెప్పాల, ఇంకెవరికీ అర్థం కాదు," అన్నారు. "బొంత అప్పమీదే కప్పేం. నిప్పు మొదట పైపొరకే అంటుకుంది. అది మా అమ్మ చీరే, నేను గుర్తుపట్టేను. అది మెల్లగా మూలనుంచి ముడుచుకుపోయింది, ఎవరో పట్టుకుని తీసినట్టు. దాని కింద ఇంకోటి, అదీ మా అమ్మదే. అదీ ముడుచుకుపోయింది. దాని కింద..." ఆయన పంచె చెంగుతో మొహం తుడుచుకున్నారు. "చిలకపచ్చ. కొత్తదానిలాగే ఉందమ్మా. ఎండ తగల్లేదు గదా దానికి, ఇన్నేళ్ళూ. ఒక్క రెప్పపాటే. నేను గట్టిగా అనీసేను, 'అప్పా, సూడు' అని. పక్కనున్నోళ్ళు నాకు మతిపోయిందనుకున్నారు."

తర్వాత ఆయన అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

ఇంటికొచ్చాక నా బుద్ధి పోనిచ్చుకోలేదు. మంటలో పచ్చగా కనబడేవి చాలా ఉంటాయి. పొగ, కళ్ళలో నీళ్ళు, నెయ్యి. లోపల ఉన్నవి ఎన్ని చీరలో, అది అమ్మదే అని ఎలా తెలుసు? ఆయన తప్పు చూసి ఉండొచ్చు. అక్క కోసం చూడాలనుకున్నదే చూసి ఉండొచ్చు. ఇంత చిన్న సంగతి ఎవరికి చెప్పాలో, ఆవిడకి తప్ప ఇంకెవరికి చెబితే అర్థమవుతుందో తెలీలేదు.

ఆవిడ ట్రంకులు మా ఇంటికి వచ్చాయి. పై ట్రంకులో కత్తిరించి పెట్టుకున్న తెల్లగుడ్డ ముక్కలు, సిరాసీసా ఉన్నాయి. ఒక ముక్క తీసి రాశాను. ఇందులో ఉన్నవాళ్ళు: అమ్మ, పిన్ని, ఆవిడ. లోపలి పొర చిలకపచ్చ. తమ్ముడు చూశాడు.

కింద అనుమానం రాసుకోవలసిన లైను ఖాళీగా వదిలేశాను.

ఆ తర్వాత అలవాటుకొద్దీ సూదిలో దారం ఎక్కించాను. ముక్కని ఎడంచేత్తో పట్టుకుని, ఏ మూలకి కుట్టాలో వెతుక్కుంటూ కుడిచెయ్యి గాల్లో ఆగింది. ఆ సూది ఇప్పటికీ ఆ ముక్కకే గుచ్చి ఉంది, ట్రంకులో వేపాకుల మీద, దారం వేలాడుతూ.