అన్న కంప్యూటర్‌లో నా ర్యామ్

ఈరోజు హన్మకొండ షాపులో మెకానిక్ ర్యామ్ అంచును బడిపిల్లల రబ్బరుతో రుద్దుతుంటే, ఆ వాసనకు చిన్ననాటి కడుపుమంట మళ్లీ రగిలింది. దోస్తులారా, మీరూ అలా రుద్దినవాళ్లేగా?

అప్పటికి మా కంప్యూటర్ పాడైపోయింది. కొత్తవాడలో ఉండే పెద్దనాన్న కొడుకు శ్రీనన్న మాత్రం కొత్త ర్యామ్ వేయించుకున్నాడు. కారు గేమ్ గాలిలా పరుగెత్తేది. ఓర్వలేకపోయాను. పక్కన వేగం తక్కువ ర్యామ్ పెడితే కొత్తదీ దాని నడకే నడుస్తుందని ఎవరో చెప్పగా విని, మా కంప్యూటర్‌లోని పాత ర్యామ్‌ను రబ్బరుతో రుద్ది పట్టుకెళ్లాను.

"అన్నా, ఇది గూడ పెట్టు. ఇంకా జోరుగుంటది."

అన్న పెట్టాడు, మురిసిపోయాడు. "అమ్మా, తమ్ముడు తన దగ్గరున్నది నాకిచ్చిండే!"

గేమ్ నెమ్మదించింది. నా కడుపు చల్లబడింది.

"మునుపే మంచిగుండె. తీసెయ్ రా," అంది పెద్దమ్మ.

"ఉండనియ్యమ్మా. ఇప్పుడిది మా ఇద్దరిది. రా తమ్మీ, ముందు నువ్వు ఆడు."

సమానత్వం మీద కరపత్రాలు చదివి ఇప్పుడు ఎవరితోనైనా కొట్లాటకు దిగుతాను. ఆ రోజు నేను కోరిన సమానత్వం అన్న వెనకబడటమే. కుర్చీ ఖాళీ చేసి నన్ను కూర్చోబెట్టిన ఆ మనసును చూస్తే మాత్రం, నిజం చెబుతున్నా, నాకిప్పటికీ కుళ్లే.