బతికున్నప్పుడు రంగు

అప్పట్లో, పెళ్లయిన కొత్తలో, నాకు చదువుకున్న జంతుశాస్త్రం మీద కంటే నా మొహం మీద నమ్మకం ఎక్కువ. మార్కాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో పరిశోధన కోసం పుల్లలచెరువు అవతల అడవి అంచు వాగుల్లో వల వేస్తుండేవాణ్ణి (అటవీశాఖ అనుమతి తీసుకునే లెండి, ఆ ఒక్క పనీ పద్ధతిగా చేశాను). ఒక చలికాలం పొద్దున వేలెడంత చేపలు కొన్ని పడ్డాయి. మా వైపు ఎవరూ రాసిపెట్టని చేప అని చూడగానే అనిపించింది. చేప కుళ్లకుండా ఫార్మలిన్ మందులో వేస్తే దాని రంగు పోతుంది. అందుకే ముందుగా బతికున్నదాన్ని గాజుపెట్టెలో పెట్టి ఫొటోలు తీయాలి. ఈ పాఠం నేను పిల్లలకు ఏటా చెప్పేవాణ్ణి. చెప్పినవాణ్ణే ఫోను బామ్మర్ది చేతికిచ్చి, చేపను గుప్పిట్లో పట్టుకుని, జుట్టు సవరించుకుని, నా వెనకాల కొండ పడేట్టు నిలబడ్డాను. తర్వాత చేపలన్నీ సీసాలోకి పోయాయి.

నెల తిరక్కుండానే, నేను పంపిన సీసా చూసి మా పరిశోధన గైడు సారు ఫోన్ చేశారు. "కొత్తదే అయ్యుండొచ్చయ్యా. దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది, బతికున్నప్పుడు దాని రెక్కలు ఎర్రగా ఉంటాయి. సీసాలో రెండూ ఒకటే మాదిరి పాలిపోతాయి. మరి నీ చేప రంగేంది?"

ఫొటోలు తెరిచాను. అన్నిట్లోనూ నేనే. పళ్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. చేప మాత్రం వేళ్ల సందున తోక కొసంత, అదీ మసగ్గా. బామ్మర్దిని నిలదీశాను.

"నువ్వే గదా బావా, కొండ పడాల, మొగం పడాల అని సతాయించినావు. చేప పడాలని యాడ చెప్పినావు?"

"సరే, రంగన్నా గుర్తుందా?"

"పసుపు గదా. కాదు కాదు, అది నీ చొక్కా."

మా ఆవిడ ఇంకో మాట అడిగింది. "అంతసేపు చేతిలో పట్టుకోని నువ్వు ఏం చూసినావు?" చేప చేతిలోనే ఉంది, నేను ఫోను వైపు చూస్తున్నాను.

పరుగున పోతే వాగు ఎండి ఉంది. దింపుడు కళ్లం ఆశతో ఒక పని చేశాను. "ఎండ పడితే నెమలి మెడలా మెరిసే నీలం, పక్కల సన్నటి బంగారు జల్లు" అని రాసి పంపించాను. సారు అరవలేదు. "చూసి రాసినావా, తలుచుకోని రాసినావా?" అన్నారు.

"తలుచుకోని సార్."

"అయితే వానలు పడేదాకా కూర్చో. ఈ లోపల ఇంకెవరన్నా అచ్చు వేయించుకుంటే చేప వాళ్లది."

ఆ వేసవంతా ఏ కొత్త పత్రిక వచ్చినా పరీక్ష ఫలితాలు చూసుకునే పిల్లాడిలా తెరిచాను. చివరికి వాన పడింది, వాగు పారింది, వల నిండింది. ఈసారి చేపను గాజుపెట్టెలో వదిలి, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని చూశాను. నీలం లేదు, బంగారం లేదు. తడిసిన మట్టి రంగు.

"ఇదేంది బావా, ఇంత సప్పగా ఉంది?" అన్నాడు బామ్మర్ది.

"ఇంతేరా, దాని రంగే అది" అన్నాను గానీ నాకూ మనసు చివుక్కుమంది. ఫొటోలు చూసిన సారు మాత్రం సంబరపడ్డారు. ఎరుపు జాడే లేకపోవడమే దాన్ని చుట్టం నుంచి వేరు చేసే గుర్తట. "ఆ సప్పదనమే గదయ్యా కొత్త" అన్నారు.

వ్యాసం అచ్చయింది. అందులో రంగు గురించి ఒక్కటే వాక్యం: మట్టి రంగు, రెక్కలకు ఎరుపు లేదు. నేను జీవితంలో రాసిన అన్నిట్లోకీ నిజమైన వాక్యం అదే, కాబట్టి దాని మీద నాకు గౌరవం. కానీ నిజం ఒప్పుకోవాలంటే, జుట్టు నెరిసిన ఈ వయసులో కూడా, దోర్నాల బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే, అచ్చుకు నోచుకోని ఆ నెమలి మెడ వాక్యాన్ని పెదాల మీదే ఒకసారి చదువుకుంటాను. పక్కనున్నవాళ్లు ఏదో స్తోత్రం అనుకుంటారు.