నవ్వని హనుమయ్య

హనుమయ్య నవ్వగా చూసినోళ్లు నూజివీడు తోటల్లో ఎవరూ లేరు. ముప్పై ఏళ్లుగా మామిడికాయ కోసే ముఠాకి మేస్త్రి. పాము తొర్ర ఉన్న చెట్టైతే ఇంకొకర్ని ఎక్కనివ్వడు, తనే ఎక్కుతాడు. కాయ జీడి పడి ఎవరి చెయ్యన్నా పొక్కితే కొబ్బరినూనె తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోతాడు. మాట మాత్రం ఉండదు.

అలాంటి మనిషిని పొద్దస్తమానం ఆటపట్టించేవాడు ముఠాలో కాయ కోసే ఇన్నయ్య.

"బాబాయ్, నీ మొహం చూసి పిందెలు కూడా రాలిపోతన్నాయ్!" అని కొమ్మ మీంచి, గడ చివరి చిక్కం వలలోకి కాయ తెంపుతూ అరిచేవాడు.

హనుమయ్య తలెత్తి ఓ చూపు చూసి, "చిక్కం చూసుకో," అనేవాడు. అంతే. ట్రేల్లో కాయ సర్దే ఆడోళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు.

ఈ సంగతి విని రెడ్డిగూడెం షావుకారొకాయన, "నువ్వే ఓ ముఠా కట్టరా, నీ కబుర్లకే జనం వస్తారు," అన్నాడు. ఇన్నయ్య కోత మధ్యలోనే వెళ్లిపోయాడు. హనుమయ్య "సరే" అన్నాడు.

రెడ్డిగూడెంలో ఎన్ని జోకులేసినా ఒక్కడు నవ్వలా. మేస్త్రి మీద వేద్దామంటే మేస్త్రి తనే. కూలోళ్ల మీద వేస్తే వాళ్లు మూతి ముడిచారు. రెండు వారాలకి సగంమంది మానేశారు.

ఆ రాత్రి ఇన్నయ్య అన్నం తింటుంటే టీవీలో కామెడీ సీరియల్ వస్తోంది. పాత సీరియల్లో అద్దెకుండే వాగుడుకాయకి జనం పడిచస్తున్నారని, వాడొక్కడితో వేరేది తీశారు. ఈ వారంతో ఆపేస్తున్నారంట.

"అదే మనిషి, అవే మాటలు. నవ్వు రాదేంటయ్యా?" అంది పెళ్లాం ప్రమీలారాణి.

"ఇంటి ఓనరు లేడుగా. వీడు వాగినప్పుడల్లా ఆయన గుడ్లురిమేవాడు. మనం నవ్వింది ఆ గుడ్లు చూసి."

అంటూనే ఇన్నయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది.

తెల్లారేసరికి పాత తోటలో ఉన్నాడు. ముఠా అంతా చూస్తోంది.

"మనుషులు నిండారు," అన్నాడు హనుమయ్య.

ఇన్నయ్య కాళ్లు వెనక్కి తిరిగాయి గానీ నోరు ఊరుకోలా. "ఇంత తోటకి ఒక్క దిష్టిబొమ్మేం సరిపోద్ది బాబాయ్? నీ పక్కన రెండోదానిగా నన్ను పెట్టుకో."

ఎవరూ నవ్వలేదు. అందరూ హనుమయ్య మొహమే చూస్తున్నారు.

ఆయన ఇన్నయ్యని కిందకీ పైకీ చూశాడు. చెట్టుకానించిన పాత గడ తీసి చేతికిచ్చాడు. ఇన్నయ్య వదిలెళ్లిన గడే. దాని చివర చిక్కం వల మాత్రం కొత్తది.

"చిక్కం చూసుకో," అన్నాడు.

ఆడోళ్ల నవ్వులకి కొమ్మల్లో పిట్టలన్నీ ఒక్కసారే లేచిపోయాయి.