మసకబారిన చేతులు

టవర్ కింద జనరేటర్ మొదలైనప్పుడు వచ్చే డీజిల్ వాసన ముక్కుకు తగిలితే నాకు ఇప్పటికీ వసంత మేడమ్ గుర్తొస్తారు. జనగామలో మా మొబైల్ నెట్‌వర్క్ ఆఫీసులో ఆమె నా మొదటి బాస్. ఏ టవర్ సెట్టింగు మార్చినా వారం తర్వాత ఆ ఊరికి బస్సులో వెళ్లి, ఎవరింట్లోనో కూర్చుని చాయ్ తాగి వచ్చేవారు. ఆఫీసు జీపులో వెళ్తే జనం ఉన్నదున్నట్టు చెప్పరని ఆమె నమ్మకం. ఆ అలవాటు చూసి వెనకాల నవ్వుకునేవాళ్లలో నేనే ముందుండేవాణ్ణి.

మరిపెడ దగ్గర ఒక తండాలో సాయంత్రమయ్యేసరికి అందరూ ఒకేసారి సినిమాలు, క్రికెట్ పెట్టుకునేవారు. ఆ బరువుకు మామూలు ఫోన్ కాల్స్ కూడా తెగిపోయేవి. నేను తెలివి చూపించి, వీడియో అన్నదానికల్లా ఒకే పరిమితి పెట్టాను. బొమ్మ కాస్త మసకబారుతుంది, కాల్స్ నిలబడతాయి. వారం తిరిగేసరికి ఫిర్యాదులు ఒక్కటీ లేవు. ఇక వెళ్లడమెందుకని మేడమ్‌తో అన్నాను. ఆమె బ్యాగు భుజాన వేసుకుని, చాయ్ తాగొద్దాం రమ్మన్నారు.

తండాలో ఒక ముసలవ్వ మాకు మంచం వాల్చి చాయ్ ఇచ్చింది. లోపల నిండు నెలల కోడలు గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఏమైందని మేడమ్ అడిగారు.

"నా కొడుక్కు, కోడలుకు చెవులు వినవడయి, మాటలు రావు బిడ్డా. సదువు గూడ లేదు. వాడు బొంబైల పనికి పోయిండు. ఫోన్ల ఒకరి చేతులు ఒకరు సూసుకుంట మాట్లాడుకుంటరు. వారం సంది చేతులు మసకమసక. ఫోనే కరాబైందనుకున్న. వాడు కాన్పుకు వస్తుండో లేదో తెల్వక ఈమె అన్నం ముడ్తలేదు."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. తప్పు ఫోన్‌ది కాదు, నాదేనని అవ్వకు చెప్పి తల దించుకున్నాను. మేడమ్ నన్ను కసరలేదు. బస్సు కోసం నిలబడ్డప్పుడు మాత్రం మెల్లగా అన్నారు.

"ఫిర్యాదు చెయ్యాలంటె ఫోన్ల మాట్లాడాలె గద. ఆమె ఎట్ల మాట్లాడ్తది?"

ఆ సాయంత్రమే వీడియో కాల్స్‌ను పరిమితి నుంచి తప్పించి, సినిమాలకు, క్రికెట్‌కు మాత్రమే ఉంచాం. సినిమా కాస్త మసకగా ఆడినా కథ అర్థమవుతుంది. మర్నాడు మేడమ్ ఒక్కరే మళ్లీ వెళ్లారు. భర్త రైలెక్కాడని కోడలు చేతులతో చెబితే అవ్వ మాటల్లో చెప్పిందట. అది మాకు చెబుతూ మేడమ్ కళ్లు తుడుచుకున్నారు.

మేడమ్ కన్నుమూసి రెండేళ్లయింది. ఆమె లేని లోటు నాకు తీరలేదు. ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్లు ఒక్క ఫిర్యాదూ లేదని సంబరంగా చెబితే, ఆ ఊళ్లో మనకు ఫోన్ చేయలేనివాళ్లు ఎవరని అడుగుతాను. జవాబు నాకూ తెలియదు. వెళ్లి కనుక్కుంటాం.