నానమ్మ నడకకు సరిపోయిన పాట

మొన్న మొయినాబాద్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన కాఫీ దుకాణంలో కూర్చుంటే, గోడకున్న చిన్న స్పీకర్‌లోంచి బాగా తెలిసిన చప్పుడు వచ్చింది. ఆగి ఆగి పడే బరువైన దెబ్బ, దాని వెనక పాత క్యాసెట్ గీరుకున్నట్టుండే సొద, ఆ పైన పాడకుండా, బస్సులో పక్కవాడికి కష్టం చెప్పుకున్నట్టు మాట్లాడే గొంతు. కాఫీ చల్లారేదాకా విన్నాను.

నాది చేవెళ్లలో పెళ్లిళ్లకు కిరాయికిచ్చే సౌండ్ సెట్. ఏ జనరేటర్ ఎన్ని స్పీకర్లను మోస్తుందో నాకెవరూ నేర్పలేదు. చూస్తూ, చేయి కాల్చుకుంటూ లెక్కలు కట్టుకున్నాను. ఏ పాట విన్నా ముందు గడియారం చూసి నిమిషానికెన్ని దెబ్బలో లెక్కపెడతాను. పాట బాగుందా లేదా అన్నది తర్వాతి సంగతి. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. కొన్నేళ్ల కింద కనకమామిడిలో ఫామ్‌హౌస్ కిరాయికి తీసుకున్న ఒకాయన, తన పాటలు పెద్ద స్పీకర్లలో ఎలా పలుకుతాయో చూడాలని నా సెట్ తెప్పించుకున్నాడు. అన్నీ ఆ గదిలోనే కంప్యూటర్ మీద కట్టినవి. కంపెనీ లేదు, అట్ట మీద బొమ్మ లేదు, దోస్తుల మధ్య చేతులు మారే ఆల్బమ్. నేను తిరిగొచ్చేటప్పుడు ఆ పాటలున్న పెన్‌డ్రైవ్ ఒకటి చేతిలో పెట్టాడు. దారిలో విని మా డ్రైవర్, "ఏం పాటలన్న ఇవి, బర్రె నెమరేసినట్టున్నయి" అన్నాడు. నిమిషానికి ఎనభై దెబ్బలు. పెళ్లి ఊరేగింపులో మోగే బరాత్ పాటలు దాదాపు దానికి రెట్టింపు. అయినా ఎందుకో వదల్లేకపోయాను. పొద్దున నడకకు వెళ్తూ చెవిలో పెట్టుకునేవాణ్ని. నా అడుగులు ముందుకు దూకేవి, పాట వెనకబడేది.

అదే ఏడు మా అక్క కూతురి పెళ్లి. షాబాద్ మగపెళ్లివారు డీజే నాకే చెప్పారు. పిల్లకు మేనమామను, పిల్లవాడి బరాత్‌కు పనివాణ్ని. మా వైపు బరాత్ సంగతి తెలిసిందే. డీజే బండి ముందు ఎగిరేవాళ్లు కదిలితేనే బండి కదులుతుంది. పాట ఆపితే మగపెళ్లివారిని అవమానించినట్టే. మైకు బంద్ చేశారని అలిగి, విస్తళ్ల ముందు నుంచి లేచిపోయినవాళ్లను చూశాను. ఫంక్షన్ హాల్ ఇంకా దూరముండగానే అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, యాడిదాక వచ్చిన్రు?"

"పెట్రోల్ బంక్ కాడున్నం అక్క."

"ఇందాక గూడ గాన్నే ఉంటిరి గదరా! ముహూర్తం దాటితే పీటల మీద కూసోవెట్టనంటుండు పంతులు. మీ బావకు చెమటలు వడుతున్నయి. ఏమన్న జెయ్యిరా!"

లెక్కేశాను. ఆ నడకన పోతే ముహూర్తం దాటాకే చేరతాం. పాట ఆపకూడదు నిజమే; మార్చకూడదని మాత్రం ఎవరూ అనలేదు. జేబులోని పెన్‌డ్రైవ్ తీసి పెట్టాను.

మొదటి దెబ్బ పడింది. పైకి లేచిన చేతులు రెండో దెబ్బ కోసం ఆగిపోయాయి. "ఎవడ్రా గిది పెట్టింది?" అని పెళ్లికొడుకు దోస్తు అరిచాడు. నేను జనరేటర్ వైపు తిరిగి డీజిల్ చూస్తున్నట్టు నిలబడ్డాను. ఆ దెబ్బకు ఎగరడం ఎవరివల్లా కాదు. తల ఊపడం తప్ప చేయగలిగింది లేదు. ఇంతలో కారులో కూర్చున్న పెళ్లికొడుకు నానమ్మ తలుపు తీసుకుని దిగింది.

"గిన్ని పెండ్లిళ్లు జూస్తి, నా మోకాళ్లకు సరిపోయే పాట ఇయ్యాల పెట్టిన్రు!" అంటూ ఆ దోస్తు భుజం పట్టుకుని ముందుకు నడిచింది. అడుగు సరిగ్గా దెబ్బ మీద పడుతోంది.

"మెల్లగ, అవ్వా!"

"నువ్వే మెల్లగున్నవ్ బిడ్డా. నడువు."

ముసలావిడ నడుస్తుంటే నిలబడి ఎగిరేదెవరు? అందరూ తలలూపుతూ వెనకే కదిలారు. బండి మళ్లీ ఆగలేదు.

గేటు దగ్గర హారతి పళ్లెంతో నిలబడ్డ అక్క మొహం చిట్లించింది. "సావుకు పెట్టే పాటలు పెట్టినవేందిరా?" అని, వెంటనే గొంతు తగ్గించి, "జల్ది లోపలికి పో. పిల్లను గంపల కూసోవెట్టినం, నువ్వొచ్చి ఎత్తాలె" అంది. ముహూర్తానికి ఎత్తాను.

అప్పుడు దోస్తుల మధ్యే తిరిగిన ఆ తరహా పాటలు ఇప్పుడు కాఫీ దుకాణాల్లో మోగుతున్నాయి. మొన్న అక్కడా గడియారం చూసి లెక్కపెట్టాను. అవే ఎనభై. లేచి బయటికి నడుస్తుంటే, ఈసారి నా అడుగు దెబ్బ మీదే పడింది. పాట ఎక్కడిదక్కడే ఉంది. ఇన్నేళ్లూ కాలం నన్నే మెల్లగా దాని దగ్గరికి నడిపించుకొచ్చింది.