అమావాస్య మర్నాడు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క మాట. "ఇదే సార్, ఇక్కడి నుంచే" అన్నాను. ఎమ్మిగనూరులో మా కంపెనీ పత్తి కాటా దగ్గర, మేనేజరు, డ్రైవర్లు, హమాలీలు, రైతులు అందరూ వింటుండగా అన్నాను. అప్పటికి నా దగ్గర రుజువేమీ లేదు. వెతికే ఓపికా లేదు.

ఆదోనిలో ఒక జిన్నింగ్ కంపెనీలో కంప్యూటర్లు చూసుకుంటాను. మిల్లులు, గోదాములు, పల్లెల్లో కొనుగోలు కేంద్రాలు, కాటాలు అన్నీ కలిపి వందల కంప్యూటర్లు. వాటన్నిటిలోని యాంటీవైరస్‌ను ఆదోని ఆఫీసులో ఉన్న ఒక సర్వరు నడిపిస్తుంది. ప్రతి కంప్యూటరూ కొంతసేపటికోసారి ఆ సర్వరును పలకరించి, కొత్త మందేమైనా వచ్చిందా అని అడిగి, తన సంగతి చెప్పి పోవాలి. అందరి సంగతీ నా స్క్రీను మీద పచ్చగానో ఎర్రగానో కనిపిస్తుంది.

ఆ పొద్దున సర్వరు పడకేసింది. నా స్క్రీను తెరుచుకునే లోపు కిందికి పోయి టీ తాగి రావచ్చు, అంత నిదానం. జవాబు రాని కంప్యూటరు ఊరుకోదు, చేస్తున్న పని ఆపి మళ్లీ అడుగుతుంది. దాంతో వరస ఇంకా పెరుగుతుంది. సర్వరును ఆపి మళ్లీ పెడితే అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. పాత రికార్డులు తుడిస్తే కాసేపు తేరుకుని మళ్లీ పడింది. అంతకు ముందు నెలలో కూడా ఒక రోజు ఇట్లాగే అయింది. సాయంత్రానికి దానంతట అదే సర్దుకుంటే, నేనే బాగు చేశానని అందరితో చెప్పుకున్నాను.

ఈసారి మేనేజరు నా కుర్చీ వెనకాలే నిలబడ్డాడు. "ఏమప్పా, కాటాల కాడ బండ్లన్నీ నిలబడిపోయినాయి. యాడుంది రోగం?" అన్నాడు.

స్క్రీను మీద ఒకటి మాత్రం ముదురు ఎరుపులో కనిపించింది. ఎమ్మిగనూరు కాటా. ఆ కంప్యూటరు నెట్‌వర్కులోనే లేదు. "అక్కడేదో ఉంది సార్" అన్నాను. ఇద్దరం కారులో బయలుదేరాం.

అక్కడ కాటా మీద కూర్చునే ఆమెది మాధవరం. భర్త కూలికి పోతాడు, ఈమె డిగ్రీ సగంలో ఆపి ఈ పనిలో చేరింది. ఏ చిక్కొచ్చినా నాకే ఫోను చేసి, "అన్నా, ఇది ఇట్లంటాంది" అని అడిగేది. మేం పోయేసరికి కంప్యూటరు నుంచి నెట్‌వర్కు వైరు పీకి పక్కన పెట్టి, గబగబా తూకాలు తీస్తోంది.

"వైరు ఎవరు పీకమన్నారమ్మా?" అన్నాడు మేనేజరు.

"ఎవరూ అన్లేదు సార్. అది ఉంటే మిషన్ బిగుసుకుపోతాంది. పొద్దున్నుంచి రైతులు ఎండలో ఉండారు."

లైనులో ఉన్న ఒక ట్రాక్టరు డ్రైవరు నవ్వాడు. "కంప్యూటర్లకు టీకాలు ఏస్తారంట కదా సార్. మా పిల్లోళ్లకు మాదిరే ఏసిన దినం జొరమొచ్చినట్టుంది." హమాలీలందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అతను సరదాకి అన్నది దాదాపు నిజమని అప్పుడు తెలియదు.

టేబులు మీద ఒక పెన్‌డ్రైవ్ కనిపించింది. "ఇదెవరిది?" అన్నాను.

"నాదేన్నా. చర్చి పాటలు. ఇంటికి పోతా మా వదినకు ఇయ్యల్ల. దీనికి పెట్టలేదన్నా."

ఏ పెన్‌డ్రైవ్ ఎప్పుడు పెట్టారో ఆ కంప్యూటరులోనే రాసి ఉంటుంది. చూడాలంటే ఎంతోసేపు పట్టదు. నేను చూడలేదు. వైరస్ దీంట్లోంచే వచ్చిందన్నట్టు పెన్‌డ్రైవ్ తీసి చేతిలో పట్టుకుని, పీకిన వైరు చూపించి, ఆ మాట అన్నాను. మేనేజరు ఆమెను రేపట్నుంచి రావద్దన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను వైరు తగిలించే పని పెట్టుకున్నాను. సాయంత్రానికి సర్వరు దానంతట అదే కోలుకుంది. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

మరుసటి నెల మళ్లీ పడింది. ఆమె లేదు, వైరు తగిలించే ఉంది, ఎమ్మిగనూరు పచ్చగానే ఉంది. అయినా పడింది. ఆఫీసులో ముందు రోజు అమావాస్య పూజకు కొట్టిన గుమ్మడికాయ ముక్కలు గుమ్మం పక్కన ఇంకా ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడిపోయాను.

పత్తి సీజన్లో మాకు ఆదివారం కూడా ఉండదు. సెలవంటే అమావాస్య ఒక్కటే. ఆ రోజు మిల్లు తిప్పరు, కాటా పట్టరు, కంప్యూటర్లన్నీ ఆపేస్తారు. యాంటీవైరస్ ప్రతి కంప్యూటరులో రోజూ చేసే స్కాన్‌ను నేను ఒక్కో ఊరికి ఒక్కో సమయానికి పెట్టాను, సర్వరు మీద బరువు పడకూడదని. దాంతోపాటు, స్కాన్ తప్పిపోతే కంప్యూటరు తెరవగానే చేయాలని ఒక టిక్కు కూడా పెట్టాను. అమావాస్యకు అన్నిటికీ తప్పిపోతుంది. మర్నాడు పొద్దున అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి, ఒకేసారి మొదలుపెడతాయి, ఒకేసారి సర్వరు మీద పడతాయి. ఆ సాఫ్ట్‌వేరు చేసినవాళ్లకు మా అమావాస్య సెలవు తెలియదు. ఆదోనిలో పుట్టి పెరిగిన నాకు తెలుసు.

టిక్కు తీసేశాను. స్కాన్ సమయాలు ఇంకా దూరం జరిపాను. సర్వరు కోలుకుంది. తర్వాత ఎమ్మిగనూరు కంప్యూటరు రికార్డు తెరిచాను. దానికి ఎప్పుడూ ఏ పెన్‌డ్రైవూ పెట్టలేదు.

మేనేజరుకు చెప్పాను. "అయిపోయింది లేప్పా. ఇప్పుడు చెప్పి నీ పేరు నువ్వే చెడగొట్టుకుంటావా?" అన్నాడు. పెన్‌డ్రైవ్ ఇంకా నా బ్యాగులోనే ఉంది. అది తీసుకుని మాధవరం పోయాను.

ఆమె ఎవరిదో చేనులో పత్తి తీస్తోంది. కాటా మీద తూకాలు చూసిన మనిషి, నడుముకు కట్టుకున్న ఒడిలో పత్తి వేసుకుంటూ నా వైపు రాకుండానే మాట్లాడింది. జరిగింది మొత్తం చెప్పి, తప్పు నాదేనన్నాను. సాలులోకి దిగి పెన్‌డ్రైవ్ చేతికిచ్చాను.

"ఇది ఇచ్చిపోనీకి వచ్చినారా సార్?" అంది. "అన్నా" పోయి "సార్" అయింది. "అందరిలో అంటిరి. ఈడ సేన్లో నాకొక్కదానికి సెప్తే ఏమొస్తాది? వైరస్ పెట్టిందంట అని మా ఊర్లో కూడా అనుకుంటాండారు."

పక్క సాలులో పత్తి తీస్తున్న ముసలామె, "ఎవరే ఆయప్ప?" అంది.

"నన్ను పనిలోంచి తీపిచ్చినాయప్ప" అంది ఈమె, తల ఎత్తకుండా.

మర్నాడు పొద్దున ఎమ్మిగనూరు కాటా దగ్గరికి మేనేజరును కూడా రమ్మన్నాను. ఎందుకో ముందు చెప్పలేదు, చెబితే వచ్చేవాడు కాదు. బండ్లు లైనులో ఉండగా, ఆ మాట అన్న చోటే నిలబడి, సర్వరు పడింది నేను పెట్టిన టిక్కు వల్ల అని, ఆమె పెన్‌డ్రైవ్ పెట్టలేదని, చూడకుండానే ఆమె మీద వేశానని చెప్పాను. ఒక హమాలీ, "గట్టిగా సెప్పు సార్, వెనకోళ్లకు ఇనపడల్య" అన్నాడు. ఎగతాళికి అన్నాడో, నిజంగానే అన్నాడో. మొదటి నుంచీ మళ్లీ చెప్పాను.

మేనేజరు నాతో మాట్లాడకుండా కారెక్కాడు. ఆమె బదులు ఆదోని నుంచి పంపిన గుమస్తా ఆ కాటా మీద ఉండలేనని ముందు నుంచీ గొడవ చేస్తున్నాడు. ఆ వారంలోనే ఆమెను మళ్లీ రమ్మన్నారు. ఆమె వచ్చింది. చేన్లో కూలి చేసిన ఆ నెలను నేను వెనక్కి తేలేను.

ఇప్పుడు ప్రతి అమావాస్య మర్నాడు మొదటి బస్సుకు ఎమ్మిగనూరు పోతాను. పోవలసిన పని లేదు, ఆదోనిలో కూర్చుని చూసుకోవచ్చు. కాటా గది బయట బల్ల మీద కూర్చుని, ఆమె కంప్యూటరు తెరిచి మొదటి బండి తూకం తీసేదాకా ఉంటాను. "అయింది సార్, ఇంక పోండి" అంటుంది. లేచి బస్టాండుకు నడుస్తాను.