గుమ్మం దగ్గర చెప్పే మాట

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో, గవర్నర్‌పేటలోని మా కంపెనీ నన్ను ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు డాక్యుమెంటేషన్ లీడ్‌గా పంపింది. చేనేత సంఘాల నూలు, చీరల నిల్వలు చూసే సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. దాని డాక్యుమెంటేషన్‌ను, అంటే ఎలా వాడాలో చెప్పే పేజీలను మాత్రం తలా ఒకరు తమకు తోచినట్టు రాసి పడేశారు.

నేను చేరేసరికే పెడనలో కొంప మునిగింది. అక్కడి సంఘంలో గుమాస్తా నాగమణి మా పేజీ చూస్తూ కొత్త వెర్షన్ ఎక్కిస్తే, పాత వివరాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. మళ్లీ ఇలా జరిగితే వేరే మనిషిని పెట్టుకుంటామన్నారట అధ్యక్షులు. "పేజీలో ఉన్నట్టే చేశాను మేడం, ఒట్టు!" అని ఫోన్లో ఏడ్చింది. పేజీ తెరిచాను. చిట్టచివరి వాక్యం: "అన్నట్టు, ఇదంతా చేసేముందు డేటా కాపీ తీసుకోవడం మర్చిపోకండి." నాకు ఒళ్లు మండిపోయింది.

మనవాళ్ల అలవాటే అది. గంటసేపు కబుర్లు చెప్పి, అసలు సంగతి చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర చెబుతాం. రాతలోనూ అదే వరస.

అన్ని పేజీలకూ ఒకే క్రమం పెట్టాను. ముందు హెచ్చరిక, తర్వాత చేయవలసిన పనులు, మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో ఆపైన. సగం పేజీలు రాసిన పటమట లెక్చరర్ ప్రసాద్ గారు ససేమిరా అన్నారు. "అన్నీ ఒకే మూసలో పోస్తే చదివేవాళ్లకి విసుగు రాదా అండీ?" నేను వాదించలేదు. ఆయన ఎన్నడూ వాడని భాగం గురించి వేరొకరు రాసిన పేజీ ఇచ్చి, చదువుతూ చేయమన్నాను. పొద్దుటినుంచీ ఆయన ఎక్కించిన వివరాలు కాస్తా గల్లంతు. "ఓరి నాయనో, చివర్లో చెప్తాడేంటండీ వీడు!" అని నెత్తి పట్టుకున్నారు. మిగతా పేజీలన్నీ ఆయనే దగ్గరుండి దిద్దించారు.

తర్వాతి వెర్షన్‌ను నాగమణి, సంఘం కమిటీ ఎదుటే ఎక్కించాలి. నేను పెడన వెళ్లాను గానీ, పక్కన కూర్చుని చెబితే ఎవరైనా చేస్తారన్నారు అధ్యక్షులు. సరేనని వెనక బెంచీమీద కూర్చున్నాను. పని సగంలో ఉండగా కరెంటు పోయింది. "అయిపోయింది, మళ్లీ పోగొట్టింది," అన్నారాయన. కరెంటు వచ్చాక నాగమణి తొణకలేదు. పేజీలో ఉన్నట్టే ముందు తీసిన కాపీని తిరిగి ఎక్కించి, పని మొదటినుంచి చేసింది. తెరమీద నూలు, చీరలు అన్నీ ఉన్నాయి. "ఉండమ్మా, నీ పనికి ఢోకా లేదు," అన్నారు అధ్యక్షులు. గెలిచాం! ఎగిరి గంతేయాలనిపించింది.

డాక్యుమెంటేషన్‌కు నాకు తెలిసిన పరీక్ష అదొక్కటే. రాసినవాళ్లు నోరు విప్పకుండా, చదివినవాళ్లు పని పూర్తి చేయగలగాలి.